పుట్టకముందు జరిగే హాని: కడుపులోని చైతన్యం, బయటి బాధ్యత

(సారపాకలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)

పుట్టని బిడ్డకు హాని జరుగుతుందా అన్న ప్రశ్న ఎక్కడ లేచినా, జవాబు చెప్పబోయేవారు ముందుగా మరో ప్రశ్న దగ్గర ఆగిపోవడం రివాజు: కడుపులోని బిడ్డకు ఎన్నో నెల నుంచి తెలివిడి ఉంటుంది? నొప్పే తెలియని పిండానికి హాని ఏమిటని ఒక పక్షం, తొలినాటి నుంచే అందులో జీవుడున్నాడు కనుక అన్నీ తెలుస్తాయని మరో పక్షం వాదిస్తాయి గానీ, హాని ఉండాలంటే చైతన్యం ఉండి తీరాలన్న మాటను రెండు పక్షాలూ చర్చ లేకుండానే ఒప్పుకొని ఉంటాయి. ఈ ఉపన్యాసం పరీక్షించదలచినది ఆ ఒప్పుకోలునే. ఇక్కడ చైతన్యమంటే నొప్పినీ సుఖాన్నీ తనవిగా అనుభవించగల శక్తి. తాకితే ముడుచుకునే అత్తిపత్తి ఆకుకు ప్రతిస్పందన ఉంది గానీ ఈ అర్థంలో చైతన్యం లేదు. హాని అంటే ఒక సంఘటన వల్ల ఒక మనిషి బతుకు, ఆ సంఘటన జరగకపోతే ఉండగలిగిన స్థితికన్నా దిగజారడం. మొదటిది క్షణానికి సంబంధించినది, రెండోది జీవితకాలానికి సంబంధించినది. తక్కిన వాదమంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

సారపాక వంటి చోట ఈ చర్చ పుస్తకాలకే పరిమితం కాదు. గోదావరి కుడిగట్టున, బూర్గంపాడు మండలంలో, కాగితపు మిల్లును ఆనుకుని పెరిగిన ఈ ఊరికి ఎదురుగా, వంతెన అవతల, భద్రాచలం ఏరియా ఆసుపత్రి ఉంది. చర్ల, దుమ్ముగూడెం అడవిపల్లెల నుంచీ, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన విలీన మండలాల నుంచీ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గ్రామాల నుంచీ కష్టమైన కాన్పులకు వచ్చేవారికి అదే దిక్కు. బండి దారి లేని గూడేల నుంచి నెలలు నిండిన గర్భిణిని డోలీ కట్టి మోసుకురావడం వానకాలంలో ఇక్కడ ఇంకా వార్తే. భద్రాచలం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు ఇస్తారు. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది, 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. నొప్పులు మొదలయ్యాక వాగు దాటలేకపోయిన తల్లి కడుపులో బిడ్డ మెదడుకు ప్రాణవాయువు అందక దెబ్బతింటే, ఆ దెబ్బ ఆ ఘడియలో బిడ్డకు తెలిసిందా లేదా అని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. ఆ బిడ్డ నడుస్తుందా, మాట్లాడుతుందా అని అడుగుతారు. తత్త్వశాస్త్రం ఆలస్యంగా చేరుకున్న చోటికి వాళ్ళు ముందే చేరుకున్నారని చెప్పాలి.

పుట్టకముందే దెబ్బతిన్నవారి కథలు మహాభారతంలో కొల్లలు. తండ్రి కహోడుడి అధ్యయనంలోని లోపాన్ని కడుపులో నుంచే ఎత్తిచూపిన అష్టావక్రుడు తండ్రి శాపంతో ఎనిమిది వంకరలతో పుట్టాడు. మమత గర్భంలో ఉండి బృహస్పతిని వారించిన దీర్ఘతముడు ఆయన శాపంతో చూపు లేకుండా పుట్టాడు. అశ్వత్థామ అస్త్రం ఉత్తర గర్భంపై పడి, మృతశిశువుగా పుట్టిన పరీక్షిత్తు కృష్ణుడి వల్ల ఊపిరి పోసుకున్నాడు. మొదటి ఇద్దరికీ కథకుడు మాట్లాడేంత చైతన్యాన్ని ఇచ్చాడు, మూడోవాడికి భారతకథ అలాంటిదేమీ ఇవ్వలేదు. అయినా అశ్వత్థామ నేరం తక్కినవారి నేరం కన్నా చిన్నదని ఆ కథ ఎక్కడా అనదు, పైగా ఘోరమైన శాపం పొందింది అతడే. ఈ కథలన్నిటిలో గమనించదగినది ఇంకొకటి ఉంది: హాని చేసినవాడు తండ్రి, బంధువు, శత్రువు, తల్లి కాదు.

కథల నుంచి వైద్యగ్రంథాలకు వచ్చేసరికి ఈ చిత్రం మారుతుంది. నాలుగో నెలలో గర్భస్థశిశువుకు హృదయం స్పష్టపడుతుందని, హృదయం చైతన్యానికి స్థానం కనుక అప్పటినుంచి బిడ్డ కోరికలు తల్లి నోటి గుండా బయటపడతాయని, అవి తీరకపోతే బిడ్డకు అవయవలోపం కలుగుతుందని సుశ్రుతసంహిత చెబుతుంది; చరకసంహిత ఇలాంటి దశనే మూడో నెలకు జరుపుతుంది. ఈ సిద్ధాంతంలో శరీరశాస్త్రం ఎలా ఉన్నా ఒక నీతి ఉంది: గర్భిణి కోరింది తెచ్చిపెట్టడం ఇంటివారి విధి, హాని జరిగితే లోపం వారిది. కానీ అదే చరకసంహిత, గర్భిణి ఎలా పడుకుంటే, ఏం తింటే, ఎవరితో తగవులాడితే బిడ్డకు ఏ లోపం వస్తుందో చెప్పే పెద్ద పట్టికను కూడా ఇచ్చింది. తరవాతి కాలంలో ఇళ్ళల్లో నిలిచింది ఎక్కువగా ఈ పట్టికే. గ్రహణం పూట గర్భిణిని చీకటి గదిలో కదలకుండా కూర్చోబెట్టి, కత్తి ముట్టుకోనివ్వకుండా, పిల్లకు పెదవి చీలి పుడితే ఆ పూట ఆమె ఏం చేసిందో ఆరా తీసే అలవాటు తెలుగునాట చదువుకున్న ఇళ్ళలో కూడా పోలేదు. పెదవి చీలికకు వంశలక్షణాలు, పోషకాల కొరత, పొగాకు వంటివి కారణాలని తెలిసిన కాలంలో కూడా విచారణ ముందు మొదలయ్యేది తల్లి దగ్గరే.

చైతన్యం ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్న మీద తెలుగు నేలకు సొంతమైన పాత వివాదం ఒకటి ఉంది, దాన్ని ఇక్కడ తలచుకోకపోవడం అన్యాయం. పాళీ అభిధర్మ గ్రంథమైన కథావత్థు, బౌద్ధశాఖల మధ్య తేడాలను ప్రశ్నోత్తరాల రూపంలో చర్చిస్తుంది. ఆరు ఇంద్రియస్థానాలు, అంటే కన్ను, చెవి, ముక్కు, నాలుక, శరీరస్పర్శ, మనస్సు, గర్భధారణ క్షణంలోనే ఒక్కసారిగా ఏర్పడతాయా అన్నది అందులో ఒక వాదం. అలా ఏర్పడతాయన్నవారు పూర్వశైలులు, అపరశైలులని దాని వ్యాఖ్యానమైన అట్ఠకథ చెబుతుంది. వారు కృష్ణాతీరంలో, ధాన్యకటకం పరిసరాల్లో వర్ధిల్లిన శాఖలవారు. ఆ గ్రంథం ఎవరిదో ఆ స్థవిరవాదుల జవాబు వేరు: మొదటి క్షణంలో మనస్సు, స్పర్శ మాత్రమే ఉంటాయని, మిగిలిన నాలుగూ ఏర్పడడానికి 77 రోజులు పడుతుందని వారు చెప్పారు. పిండం మొదట ప్రతిస్పందించేది స్పర్శకే, పెదవుల చుట్టూ ఎనిమిదో వారం ప్రాంతంలో, అని ఇరవయ్యో శతాబ్దపు పరిశీలనలు చెప్పిన మాట నిజమే అయినా, దాన్ని పట్టుకుని పూర్వులకు అన్నీ తెలుసని ఎగిరిపడడం మంచిది కాదు. స్థవిరవాదులు తొలిక్షణానికే ఇచ్చిన మనస్సుకు ఆ పరిశీలనల్లో చోటు లేదు; ఎనిమిదో వారపు కదలిక మెదడు కాండం, వెన్నుపాము స్థాయిలోని ప్రతిచర్య మాత్రమే. ఆ వాదంలో విలువైనది 77 అనే అంకె కాదు, చైతన్యం ఒక్క దెబ్బకు వచ్చిపడేదా, అంచెలుగా కూడుకునేదా అని తేల్చుకోవలసిన ప్రశ్నగా దాన్ని గుర్తించడం.

ఆధునిక నాడీశాస్త్రం అంచెల పక్షానే ఉంది. శరీరం నుంచి వచ్చే సంకేతాలు మెదడు లోపలి థాలమస్ అనే కేంద్రం గుండా పైపొర అయిన కార్టెక్స్‌కు చేరే దారి సుమారు 24వ వారానికి గానీ ఏర్పడదు. అది లేకుండా నొప్పి అనుభవంగా మారదన్నది చాలామంది వైద్యుల అభిప్రాయం. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2010లో 24వ వారాన్ని హద్దుగా చెప్పి, 2022లో 28వ వారానికి ముందు నొప్పి అనుభవం ఉండే అవకాశం తక్కువని సవరించింది. ఆ దారి ఏర్పడ్డాక కూడా, గర్భంలోని తక్కువ ప్రాణవాయువు, మత్తునిచ్చే కొన్ని రసాయనాలు బిడ్డను దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంచుతాయని న్యూజీలాండ్ శాస్త్రవేత్త మెల్లర్ బృందం 2005లో వాదించింది. మరోవైపు 2020లో డెర్బీషైర్, బాక్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు, గర్భస్రావం విషయంలో ఒకరితో ఒకరు ఏకీభవించనివారే అయినా, కార్టెక్స్ పూర్తికాకముందే ఏదో ఒక రకం నొప్పి ఉండవచ్చునని కలిసి రాశారు. తెలియనప్పుడు ఎటు మొగ్గాలి అన్నదానికి వైద్యచరిత్రలో ఒక గుణపాఠం ఉంది. 1980ల దాకా నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు నొప్పి సరిగా తెలియదన్న నమ్మకంతో చాలాచోట్ల మత్తు దాదాపు ఇవ్వకుండానే శస్త్రచికిత్సలు చేసేవారు. భారతీయ మూలాలున్న వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగాన్ని 1987లో ప్రకటించి, తగిన మత్తు ఇచ్చిన పిల్లల శరీరాలు శస్త్రచికిత్సను ఎంత మెరుగ్గా తట్టుకుంటాయో చూపాకే ఆ పద్ధతి మారింది. కనుక గర్భస్థశిశువుకు శస్త్రచికిత్స చేసేటప్పుడో, ఆరో నెల దాటాక గర్భాన్ని తొలగించవలసి వచ్చినప్పుడో నొప్పి గురించి జాగ్రత్తపడాలనడం సబబే. చైతన్యమన్న ప్రశ్నకు నిజంగా పని ఉన్న చోటు అదే, అది చాలా ఇరుకైన చోటు.

దాని వెలుపల, హానికి చైతన్యంతో పని లేదు. బిడ్డ వెన్నుపాముగా, మెదడుగా మారే నాడీనాళం గర్భధారణ తర్వాత 28 రోజులకే మూసుకుంటుంది. ఫోలిక్ ఆమ్లం చాలకపోతే ఆ మూతపడడం సరిగా జరగకుండా బిడ్డ కాళ్ళు చచ్చుబడి పుట్టవచ్చని, గర్భధారణకు ముందునుంచే ఆ మాత్ర ఇస్తే చాలావరకు నివారించవచ్చని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రయోగం రుజువు చేసింది. ఆ నాలుగు వారాల్లో పిండానికి నాడీవ్యవస్థే లేదు, తాను గర్భవతినన్న సంగతి చాలామంది తల్లులకు కూడా తెలియదు. అంటే తెలివిడి ఇద్దరిలో ఏ ఒక్కరికీ లేని కాలంలో జరిగిన హాని అరవై ఏళ్ళపాటు చక్రాల కుర్చీలో కనిపిస్తుంది. గర్భిణులు వాడిన థాలిడొమైడ్ మందు వల్ల జరిగి 1961లో బయటపడ్డ ఘోరం, పాదరసం కలిసిన చేపలు తిన్న తల్లులకు జపాన్‌లోని మినమాటాలో పుట్టిన పిల్లల వ్యాధి ఇదే కోవలోనివి. మినమాటాలో చాలామంది తల్లులకు పెద్దగా లక్షణాలు లేవు, విషం మాయను దాటి పిల్లల్లో చేరింది. స్మారకోపన్యాసం జరిగే సభలో ఈ సంగతి కొత్తగా అనిపించనక్కర్లేదు: గతించిన మనిషి మీద నింద వేస్తే ఆ మనిషికి తెలియకపోయినా అన్యాయం జరిగిందని సభ ఒప్పుకుంటుంది, చనిపోయినవారి పరువునష్టాన్ని భారతీయ శిక్షాస్మృతి కూడా నేరంగానే చూసింది. తెలియడం హానికి సాక్ష్యం మాత్రమే, షరతు కాదు.

ఈ దేశపు న్యాయస్థానం ఈ తర్కాన్ని ఒకసారి ఎంతో దూరం తీసుకుపోయింది. 1984 డిసెంబరు భోపాల్ విషవాయు ప్రమాదం కేసులో 1991 అక్టోబరు 3న తీర్పు చెబుతూ, విషవాయువుకు గురైన తల్లులకు తరవాత పుట్టబోయే పిల్లల్ని కూడా లెక్కలోకి తీసుకుని, లక్షమందికి వైద్యబీమా రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. నష్టపరిహారం అడిగేవారు, ఆ రాత్రి ఉన్నవారే కానక్కర్లేదని అది చెప్పినట్టయింది. ప్రమాదం జరిగినప్పుడు గర్భంలో ఉండి 1985లో పుట్టిన మగవారిలో వైకల్యం, క్యాన్సరు ఎక్కువగా కనిపిస్తున్నాయని 2023లో వెలువడిన పరిశోధన చెప్పడానికి మూడు దశాబ్దాల ముందు మాట అది.

సాధారణ చట్టం మాత్రం రెండు దారుల్లో నడుస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షను ప్రకారం, తండ్రి చనిపోయేనాటికి గర్భంలో ఉండి తరవాత ప్రాణాలతో పుట్టిన బిడ్డకు అప్పటికే పుట్టిన బిడ్డతో సమానంగా వాటా వస్తుంది. ఆస్తి విషయంలో చట్టం పుట్టుక కోసం ఆగి, పుట్టాక వెనక్కి చూస్తుంది. క్రిమినల్ చట్టం గర్భస్థశిశువు మరణాన్ని నరహత్యగా చూడదు, కానీ శిశువు శరీరంలో ఏ భాగమైనా బయటికి వచ్చాక, ఊపిరి తీయకపోయినా సరే, చూడవచ్చునంటుంది. బిడ్డ కదలిక తెలిసిన దశకు వేరే శిక్ష పెడుతుంది. పాత శిక్షాస్మృతి నుంచి 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి ఈ ఏర్పాటు యథాతథంగా వచ్చింది. 1971 గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ 20 వారాల దాకా ఒక వైద్యుడి, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల దాకా ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో అనుమతిస్తుంది. ప్రభుత్వం ప్రకటించిన విపత్తులో చిక్కుకున్న స్త్రీలు కూడా ఆ వర్గాల్లో ఉన్నారన్నది గోదావరి గట్టున ఉన్నవారికి గుర్తుండాలి. 24 దాటితే తల్లి ప్రాణరక్షణకు, లేదా బిడ్డలో తీవ్రలోపం ఉందని వైద్యమండలి తేల్చినప్పుడే. 2023 అక్టోబరులో 26 వారాలు దాటిన ఒక వివాహిత కేసులో ఇద్దరు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం రెండుగా చీలి, 16వ తేదీన ముగ్గురి ధర్మాసనం అనుమతి నిరాకరించింది. బతికి బట్టకట్టగల బిడ్డ గుండెను ఆపమని వైద్యుల్ని ఆదేశించడం ఎలాగన్నది అక్కడి ప్రధానమైన ఇబ్బంది. ఆ ఇబ్బంది నిజమైనదే. అయితే ఆ వారమంతా దేశం చర్చించింది ఒక తల్లి నిర్ణయాన్ని. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పినప్పుడు అలాంటి చర్చ ఒక్కరోజైనా నడవలేదు, హాని పొందే పిల్లల సంఖ్యలో రెండింటికీ పోలికే లేదు.

తల్లి మీద నుంచి చూపు మరల్చి చూస్తే హాని ఎక్కడెక్కడి నుంచి వస్తుందో ఈ ప్రాంతంలోనే కనిపిస్తుంది. వేసవి మొదట్లో తునికాకు కోసే స్త్రీలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఖమ్మం చేలల్లో మిరపకాయలు ఏరే స్త్రీలు ఆరో నెలలోనూ ఎండలోనే ఉంటారు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం, 2017లో సెలవును 26 వారాలకు పెంచిన సవరణ మిల్లులో జీతం తీసుకునే ఉద్యోగినికి వర్తించినట్టు, రోజుకూలీగా కాయ ఏరే మనిషికి అందలేదు. మిరపతోటల్లో వాడే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు మాయను దాటగలవు. కాలిఫోర్నియాలో వ్యవసాయకూలీ కుటుంబాల్లో జరిగిన అధ్యయనాలు గర్భంలో సోకిన ఈ మందులకూ పిల్లల బుద్ధివికాసానికీ సంబంధం చూపాయి. మందు కొట్టిన తోటలోకి వెళ్ళిందని ఆ తల్లిని తప్పుపట్టడం, గ్రహణం నాడు బయటికి వెళ్ళిందని తప్పుపట్టడం కన్నా శాస్త్రీయంగా కనిపించవచ్చు గానీ, ఎంపిక లేని చోట నేరం మోపడం రెండింటిలోనూ ఒకటే.

బయటివారు చేయగల మేలు ఎంతటిదో చెప్పే ప్రయోగం తెలుగువారి మధ్యే జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా నగరానికి దగ్గరలోని 29 గ్రామాల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం ఇస్తే ఏమవుతుందో పరిశీలించింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పుడే ఆ ప్రాంతానికి వస్తోంది. 15 గ్రామాలకు ముందు చేరింది, 14 గ్రామాలకు తరవాత చేరింది, ఆ జాప్యాన్నే పరిశోధకులు పోలికగా వాడుకున్నారు. అందరికీ ఒకేసారి ఇవ్వగలిగి ఉంటే ఇవ్వకపోవడం నేరమయ్యేది. ప్రభుత్వం చేయలేకపోయిన పనిలోంచి జ్ఞానం పుట్టడం ఈ కథలో కొంచెం చేదైన భాగం. ఇచ్చింది మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక, 2003-05 మధ్య 1165 మందిని మళ్ళీ పరీక్షించి, ఫలితాలను 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. ముందుగా ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. శరీరం ఇన్సులిన్‌కు లొంగకపోవడమనే, మధుమేహానికి దారితీసే లక్షణం వారిలో సుమారు 20 శాతం తక్కువగా ఉంది. రక్తనాళాల బిరుసు కూడా తక్కువే. ఆ ఆహారం పుట్టాక కూడా అందింది కనుక ఇందులో కడుపులో కలిగిన మేలు ఎంతో విడదీసి చెప్పలేం. అయినా 1988లో ఒక ఊరికి ఉప్మా చేరకపోవడం 2004లో మరొకరి రక్తనాళంలో కనిపించిందంటే, ఎవరికీ నొప్పి తెలియకుండా, ఎవరూ దుర్మార్గులు కాకుండా హాని జరగగలదని ఒప్పుకోవాలి. 2015 జనవరి 1 నుంచి తెలంగాణ అంగన్‌వాడీల్లో గర్భిణికి పెడుతున్న పూటభోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, 2022 డిసెంబరులో భద్రాద్రి కొత్తగూడెం సహా తొమ్మిది జిల్లాల్లో రక్తహీనత ఉన్న గర్భిణుల కోసం మొదలైన పోషకాహార కిట్లు ఈ దృష్టిలో దయాదానాలు కావు, ఇంకా పేరు పెట్టని మనిషికి తీర్చవలసిన బాకీ.

ఇంతవరకూ చెప్పిన హానులన్నిటిలో దెబ్బ తగిలిన బిడ్డ, తగలకపోయినా పుట్టి ఉండే బిడ్డ ఒకరే. సికిల్‌సెల్ వ్యాధి దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి నాళాలకు అడ్డుపడే ఈ వంశపారంపర్య వ్యాధి కోయలతో సహా మధ్య భారతపు గిరిజనుల్లో ఎక్కువ. ఒక్క జన్యువు మాత్రమే ఉన్నవారికి, అంటే వాహకులకు, జబ్బు రాదు, పైగా మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని ఆలిసన్ అనే పరిశోధకుడు 1954లో చూపాడు, కనుక జ్వరాల అడవిలో తరతరాలుగా ఆ జన్యువు నిలిచింది. ఇద్దరూ వాహకులైన దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్, 17 రాష్ట్రాల్లో ఏడు కోట్లమందిని పరీక్షించి, 2047 నాటికి వ్యాధిని తొలగించాలని పెట్టుకుంది. పెళ్ళికి ముందు ఫలితాల కార్డులు సరిచూసుకోవాలన్నది అందులో ముఖ్యమైన సలహా. ఆ సలహా విని ఇద్దరు వాహకులు వేరే సంబంధాలు చేసుకుంటే, వారికి పుట్టేవారు ఆరోగ్యంగా మారిన ఆ బిడ్డలు కారు, పూర్తిగా వేరే బిడ్డలు. ఆంగ్ల తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో తన గ్రంథం రీజన్స్ అండ్ పర్సన్స్‌లో లేవనెత్తిన చిక్కు ఇదే: పుట్టకుండా ఉండడమే ప్రత్యామ్నాయమైనప్పుడు, జబ్బుతో పుట్టినవాడు తనకు హాని జరిగిందని ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? అతడి బతుకు అసలు బతకదగనిది అయితే తప్ప ఫిర్యాదుకు ఆధారం లేదు, సికిల్‌సెల్‌తో బతికే మనుషుల జీవితాల గురించి అలా అనే హక్కు ఎవరికీ లేదు.

కనుక కార్డుల కార్యక్రమాన్ని సమర్థించడానికి పుట్టబోయే బిడ్డకు మేలన్న మాట సరిపోదు. దంపతులు తెలిసి నిర్ణయించుకోవాలన్నది, నొప్పి మొత్తంగా లోకంలో తగ్గాలన్నది అసలు కారణాలు. అవి మంచి కారణాలే గానీ, ఒకరి హక్కును కాపాడే కారణాలకు ఉన్న బలం వాటికి లేదు. అందువల్ల అవి సలహా ఇవ్వగలవు, ఒత్తిడి పెట్టలేవు; ఫలానా ఇంటిపేరు వారిలో జబ్బుందని పెళ్ళిళ్ళ దగ్గర ముద్ర వేసే హక్కును అసలే ఇవ్వలేవు. దీనికి భిన్నంగా ఇప్పటికే పుట్టిన రోగికి హైడ్రాక్సీయూరియా మాత్ర నెలనెలా అందకపోతే జరిగేది ఫలానా మనిషికి ఫలానా హాని, దాని మీద ఫిర్యాదుకు అతడికి పూర్తి ఆధారం ఉంది. నిర్మూలన అన్న లక్ష్యం మొదటి పనిని లెక్కపెట్టినంత సులువుగా రెండోదాన్ని లెక్కపెట్టదు.

ఇద్దరూ వాహకులని గర్భం వచ్చాక తెలిసిన దంపతుల విషయంలో ఈ రెండు లెక్కలూ కలుస్తాయి. మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు 10 నుంచి 13 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్షకు 15 వారాల తర్వాత సమయం. రెండూ పెద్ద నగరాల ఆసుపత్రుల్లో జరిగేవి. దుమ్ముగూడెం అవతలి పల్లెలో ఏఎన్‌ఎం రక్తం తీసిన రోజు నుంచి ఫలితం చేతికొచ్చే రోజు దాకా, అక్కడి నుంచి హైదరాబాదు ప్రయాణానికి కూలీడబ్బులు కూడేదాకా వారాలు గడుస్తాయి. 24వ వారపు హద్దు నగరంలోని దంపతులకు చైతన్యం గురించి, బిడ్డ బతకగలగడం గురించి ఆలోచించి గీసిన గీత. ఇక్కడ అది చాలాసార్లు దూరం గీసే గీత. ఆ గీతకు ముందు పరీక్ష చేయించుకోవాలా వద్దా, ఫలితం ఏదైనా బిడ్డను కనాలా వద్దా అన్నది ఆ దంపతులు, ముందుగా ఆ తల్లి, తేల్చుకోవలసిన సంగతి. ఆ లోపల ఫలితం ఆమె చేతికి చేరేలా చూడడం మాత్రం ఆమె పని కాదు.